నవ్వు చెడని ఒక్కపొద్దు

ఆకలిని నవ్వుతూ భరించాలని ఇప్పుడు ఎవరైనా నాకు చెబితే చెయ్యి దురద పెడుతుంది. తిండి తగ్గిస్తే ఒళ్ళు తేలికవుతుందని, మనసు సంతోషంగా ఉంచుకుంటే కడుపు దానంతట అదే సర్దుకుంటుందని చెప్పేవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళలో ఒక్కరు కూడా ఆకలితో ఉన్నవాళ్ళు కాదు. నేను పెరిగిన ఇంట్లో ఈ రెండు పాఠాలూ ఒకే మనిషి చెప్పేది. ఆ మనిషి మా నాన్న తల్లి, మా అవ్వ. వాటిని నేర్చుకోవలసి వచ్చింది మా అమ్మ.

మాది ఉద్దనపల్లికి దగ్గర్లో ఒక చిన్న పల్లె. హోసూరుకు పోవాలన్నా, రాయకోటకు పోవాలన్నా ఉద్దనపల్లి దాకా నడిచి బస్సెక్కాలి. మాకు కొంచెం మెట్టచేను, ఒక గొర్రెల మంద ఉండేవి. పంటలు కోశాక నాన్న మందను తోలుకుని కృష్ణగిరి వైపు వెళ్ళిపోయేవాడు. రైతుల చేలల్లో రాత్రిళ్ళు మంద నిలిపితే నేలకు ఎరువు, మాకు గింజలు. పండగకో పబ్బానికో ఒకసారి వచ్చి కనిపించి, మళ్ళీ వానలు మొదలయ్యాకే ఇల్లు చేరేవాడు. ఇంట్లో మిగిలేది మేము ముగ్గురం ఆడవాళ్ళం. అవ్వ, అమ్మ, నేను.

ఒక్కపొద్దంటే పగలంతా ఏమీ ముట్టకుండా ఉండి, సాయంత్రం దీపం పెట్టాక ఒక్కసారి తినడం. అది అందరి ఇళ్ళలోనూ ఉండేదే. శనివారం వెంకటరమణస్వామి పేరు చెప్పి సగం ఊరు ఒక్కపొద్దు ఉండేది. కానీ మా ఇంట్లో దానికి ఒక తోక ఉండేది. ఒక్కపొద్దు ఉన్న మనిషి మొహం మాడ్చుకోకూడదు. ఆకలి అనకూడదు. ఎవరైనా తిన్నావా అని అడిగితే కడుపు నిండా ఉందని చెప్పాలి, అది కూడా నవ్వుతూ చెప్పాలి. మొహం చెడితే పొద్దు చెడినట్టే. చెడిన పొద్దు దేవుడికి చేరదు కాబట్టి మరునాడు మళ్ళీ మొదటి నుంచీ ఉండాలి. ఇది అవ్వకు వాళ్ళ అత్త నేర్పిందట. ఆ అత్తకు ఎవరు నేర్పారో తెలిస్తే వాళ్ళ సమాధి మీద ఉమ్మి వచ్చేదాన్ని.

మొహం చెడిందో లేదో తేల్చేది అవ్వే. శనివారం పొద్దున్నే తిన్నె మీద కూర్చునేది. అమ్మ నీళ్ళ బిందెతో లోపలికి వచ్చినప్పుడల్లా, పేడ ఎత్తుతున్నప్పుడల్లా, రాగులు విసురుతున్నప్పుడల్లా ఆమె చూపు అమ్మ మొహం మీదే ఉండేది. సంతలో గొర్రెను బేరం చేసేవాడు కూడా అంత శ్రద్ధగా చూడడు.

"ఏమే, మొగం అట్ల పెట్టుకొని ఉండావే?" అనేది.

"ఏమీ లేదత్తా, ఎండకి," అని అమ్మ వెంటనే నవ్వేది.

అవ్వకు మాత్రం ఒక్కపొద్దులు లేవు. వయసైపోయింది, నాకు చెల్లిపోయింది అనేది. ఆమెకు పళ్ళు ఊడిపోయాయి, అందువల్ల సంగటి మింగుడు పడదట. రాగి సంగటి ఎవరైనా మింగేదే తప్ప నమిలేది కాదు, పళ్ళకూ దానికీ ఏం సంబంధమో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. అయినా ఆ పేరుతో రోజూ సాయంత్రం ఆమెకు వరి అన్నం వండాలి. పండగకు తప్ప అన్నం మొహం ఎరగని ఇళ్ళు మావి. బియ్యం బాన, బెల్లం కుండ అవ్వ పడుకునే గదిలో ఉండేవి. ఆ గది తాళంచెవి ఆమె మొలకు వేలాడేది. అన్నంలో బెల్లం పొడి, ఇంత నెయ్యి కలుపుకుని, చప్పరిస్తూ తినేది. ఒక్కపొద్దు ఉన్న అమ్మ విస్తరేసి, వడ్డించి, పక్కన నిలబడి విసరాలి.

నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉన్నప్పుడు, అంటే యాభైలు చివరికి వస్తున్న కాలంలో, అమ్మకు మళ్ళీ కడుపు నిలిచింది. నా తర్వాత చాలా ఏళ్ళకు. ఈసారి మగబిడ్డ పుట్టాలని అవ్వ శనివారానికి తోడు సోమవారం కూడా ఒక్కపొద్దు మొక్కింది. మొక్కింది అవ్వ, ఉండాల్సింది అమ్మ. వాకిట్లోకి వచ్చిన ఒకరిద్దరు పెద్ద ముత్తైదువలు, కడుపుతో ఉన్న మనిషికి పస్తులేందమ్మా అన్నారు. అవ్వ ఒక్క మాటతో వాళ్ళ నోళ్ళు మూయించింది. "మీ ఇండ్లలో మొగబిడ్డలుండారు. మాకు లేదు," అంది.

ఐదో నెలలో ఒక శనివారం మధ్యాహ్నం అమ్మ రాగులు విసురుతూ లేచి గోడ పట్టుకుంది. కళ్ళు మూసుకుంది, పెదవి కొరుక్కుంది. నేను చెంబుతో నీళ్ళు తెచ్చాను. అమ్మ చెయ్యి చాపకముందే అవ్వ తిన్నె మీద నుంచి పలికింది.

"చూస్తిని, చూస్తిని. మొగం మాడిపోయింది. ఈ పొద్దు చెడిపొయ్యింది. రేపు కూడా ఉండు."

అమ్మ మరునాడు కూడా ఉంది. దాని మరునాడు సోమవారం, అది ఎలాగూ ఉండాల్సిందే. వారం తిరక్కుండానే కడుపు పోయింది. మగబిడ్డే అని మంత్రసాని చెప్పింది. అమ్మ పశువుల కొట్టం పక్కన గోనెపట్టా మీద పడుకుని ఉంటే, అవ్వ వాకిట్లో ఆడవాళ్ళకు చెబుతోంది. "మొగం మాడ్చుకొన్నింది కదా శనివారం. దేవుడు ఊరికే ఉంటాడా? పెట్టినవాడే ఎత్తుకొని పొయ్యినాడు." వాళ్ళు తలలు ఊపారు. మధ్యలో ఉన్నది తడిక ఒక్కటే, ప్రతి మాటా అమ్మకు వినిపించింది.

ఆ తర్వాత వచ్చిన శనివారం అమ్మ లేచి, తలకు గుడ్డ చుట్టుకుని, ఒక్కపొద్దు ఉంది. ఒంట్లో రక్తం లేదు. కానీ పొద్దు పొడిచిన దగ్గర నుంచి దీపం పెట్టేదాకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు చూసి నేను దగ్గరికి పోవడానికి భయపడ్డాను. ఆ రోజు నుంచి మా అమ్మ మొహం మళ్ళీ చెడలేదు.

ఊళ్ళో ఆమెకు నగుమొగం అని పేరు వచ్చింది. కోడలంటే అట్ల ఉండాల అని తమ కోడళ్ళకు చూపించేవాళ్ళు. నాన్న ఇంటికి వచ్చినప్పుడల్లా అమ్మ నవ్వు చూసి పొంగిపోయేవాడు. మా ఇంట్లో పోట్లాటనేదే లేదని మందలోని తోటివాళ్ళకు గొప్పగా చెప్పుకునేవాడు. ఆయన మంచివాడే. నూరు గొర్రెల్లో ఒక గొర్రె కాలు ఎత్తి వేస్తే దూరం నుంచే కనిపెట్టేవాడు. ఆ కన్ను ఇంట్లోకి వచ్చేసరికి ఎక్కడికి పోయేదో మరి.

అరవైలు సగం దాటిన తర్వాత అవ్వకు జబ్బు వచ్చింది. మొదట కనిపెట్టింది చీమలు. పెరట్లో అవ్వ ఒంటికి కూర్చున్న చోట చీమలు బారులు తీరేవి. తర్వాత కాలి బొటనవేలికి ముల్లు గుచ్చుకున్న పుండు ఎన్నాళ్ళయినా మానలేదు. పసరు కట్టారు, పసుపు పెట్టారు, దిష్టి తీశారు. వేలు నల్లబడుతోంది. ఉగాదికి మందతో వచ్చిన నాన్న చూసి భయపడి, హోసూరు తీసుకుపొమ్మన్నాడు. తాను మందను విడిచి రాలేనన్నాడు. అవ్వను బస్సెక్కించి అమ్మ, నేను వెళ్ళాము. నాకప్పటికి పెళ్ళీడు వచ్చింది. ఎనిమిది దాకా అరవంలో చదివినదాన్ని కాబట్టి, డాక్టరుతో మాట్లాడటానికి నేను కావలసి వచ్చింది.

ఆసుపత్రిలో అవ్వ మూత్రం సీసాలో పట్టి, నీలంగా ఉన్న ఏదో మందులో పోసి దీపం మీద కాచారు. అది మా కళ్ళ ముందే ఇటుక రంగుకు తిరిగింది. ఒంట్లో చక్కెర చాలా ఉందని డాక్టరు అరవంలో చెప్పాడు. నేను తెలుగులో చెప్పాను. అవ్వ మొహం వెలిగింది.

"నా ఒంట్లో తీపుందంటనా?" అని అడిగింది. ఇంటికి పోయాక ఆ మాట పదిమందికి చెప్పుకుంది కూడా.

డాక్టరు అన్నం ఎన్ని పూటలు తింటారని అడిగాడు. అవ్వకు అరవం ఆ మాత్రం వచ్చు. "అన్నమా సామీ? మాకు యాడిది? పండగలకే," అంది. వెనక నిలబడిన అమ్మ నెమ్మదిగా, నాతో చెబుతున్నట్టుగా, "రోజూ తింటాది. బెల్లం ఏసుకొని తింటాది. చెప్పు," అంది. అమ్మ అవ్వ మాటకు ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. చెప్పేటప్పుడు కూడా నవ్వుతూనే ఉంది.

డాక్టరు ఓపికగా వివరించాడు. అన్నం, బెల్లం, మామిడిపండు, చిలగడదుంప ముట్టకూడదు. సంగటి ఇంత అని తన పిడికిలి చూపించాడు. ఆకుకూర, మజ్జిగ ఎంతైనా తీసుకోవచ్చు. పొద్దున ఒక తెల్ల మాత్ర మింగాలి, మింగిన వెంటనే తినాలి. మాత్ర వేసుకుని కడుపు మాడ్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అలా ఎప్పుడైనా చెమటలు పట్టి, ఒళ్ళు వణికి, కళ్ళు మసకబారితే ఇంకేమీ ఆలోచించకుండా నోట్లో బెల్లం పెట్టాలి. ఆ సమయంలో బెల్లమే మందు. అన్నీ చెప్పి, చివర్లో నవ్వుతూ, దిగులు పెట్టుకోకండి, మనసు సంతోషంగా ఉంచుకోండి, సగం జబ్బు దానికే తగ్గుతుంది అన్నాడు.

నేను ఒక్కొక్క మాటా ఇద్దరికీ చెప్పాను. అమ్మ అన్నీ విని, చివరి మాట దగ్గర ఆగింది.

"సంతోషంగా ఉండాలనా? బాగా అడుగమ్మీ. నగుతా ఉండాలన్నాడా?"

నేను అడిగాను. డాక్టరు అవునవును అన్నాడు.

ఆ రోజు వరకు పథ్యమంటే మాకు తెలిసింది వేరు. నాటువైద్యుడు పసరు పోసి, ఉప్పు పులుపు వద్దంటాడు. ఒక మండలం, అంటే నలభై రోజులు, నోరు కట్టుకుంటే చాలు. మండలం నిండిన రోజు తలంటుకుని, ఇష్టమైనవన్నీ వండుకుని తింటారు. దాన్ని పథ్యం విడవడం అంటారు. అవ్వ ఒకసారి పచ్చకామెర్లకు అలాగే చేసి గెలిచింది. చక్కెర జబ్బు పథ్యం కూడా అంతేననుకుంది. ఒక్క మండలమే కదా అని బస్సులో మాతో అంది. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. డాక్టరు గడువేమీ చెప్పలేదని నాకప్పుడు తోచనేలేదు.

ఇంటికి రాగానే అమ్మ నాన్నను పిలిచి, పథ్యం సక్రమంగా జరగాలంటే బియ్యం, బెల్లం అత్త చేతిలో ఉండకూడదని చెప్పింది. నాన్నకు అది న్యాయంగానే తోచింది. "ఇచ్చేయమ్మా, నీ మంచికే కదా," అన్నాడు. అవ్వ చాలాసేపు మొలతాడు తడుముకుంది. చివరికి తాళంచెవి విప్పి కింద పెట్టింది, చేతికి ఇవ్వలేదు. అమ్మ వంగి తీసుకుంది. ఆ రాత్రి నుంచి అవ్వ పడక నడవలోకి మారింది. మరునాడు నాన్న మందతో వెళ్ళిపోయాడు.

డాక్టరు చూపింది తన పిడికిలి. మా అమ్మ పిడికిలి చిన్నది. వారం వారం అది ఇంకా చిన్నదయింది. సంగటి, నూనె చుక్క లేని ఆకుకూర, నీళ్ళలాంటి మజ్జిగ. అవన్నీ వేళ తప్పకుండా, శుభ్రమైన పళ్ళెంలో, నవ్వుతూ తెచ్చి పెట్టేది. అవ్వ మొహం చిట్లిస్తే ఒక్క మాట కూడా గట్టిగా అనేది కాదు. పళ్ళెం తీసేసేది.

"మొగం మాడ్చుకొని తింటే ఒంటికి పట్టదత్తా. కొంచేపు తాళు. మనసు సంతోషంగా పెట్టుకో, అప్పుడు తిందువు."

పళ్ళెం పొయ్యి పక్కన గట్టిపడేదాకా ఉండేది. అవ్వ మొహం సర్దుకునేదాకా మళ్ళీ వచ్చేది కాదు. ఊళ్ళో ఆడవాళ్ళకు అవ్వ మొరపెట్టుకుంటే వాళ్ళు అమ్మనే మెచ్చుకునేవాళ్ళు. డాక్టరు చెప్పినట్టు నడిపిస్తోంది, కన్నకూతురు కూడా ఇంత చెయ్యదు అనేవాళ్ళు. అన్నింటికన్నా ఘోరమేమిటంటే, పుండు మానింది. నల్లబడిన వేలు మళ్ళీ మామూలు రంగుకు వచ్చింది. ఇక ఎవరూ ఒక్క మాట అనడానికి లేకుండా పోయింది.

నాకు మొదట్లో సంతోషంగానే ఉండింది. అవ్వ పళ్ళెం వంక చూసి గుటకలు మింగుతుంటే, నువ్వు చేసింది నీకే వచ్చింది, అనుభవించు అనుకునేదాన్ని. ఆ సంతోషం మామిడిపళ్ళ కాలం దాకా నిలిచింది.

గురుబరపల్లి దగ్గర అవ్వ తమ్ముడికి నాలుగు మామిడిచెట్లు ఉండేవి. ఏటా వైశాఖంలో అక్కకు ఒక గంప పళ్ళు పంపేవాడు. ఆ ఏడాది కూడా గంప వచ్చింది. వాసన వాకిలి దాటి వీధిలోకి పోయింది. అమ్మ గంపను అవ్వ ముందు పెట్టి, వీధిలోని పిల్లలందరినీ పిలిచింది.

"నీ తమ్ముడు పంపించినాడు కదత్తా, నీ చేత్తోనే పంచు. పుణ్యం నీకే రానీ."

కత్తిపీట వేసి అమ్మ ముక్కలు కోస్తుంటే, అవ్వ ఒక్కొక్క ముక్కా తీసి పిల్లల చేతుల్లో పెట్టింది. రసం మణికట్టు దాకా కారింది. ఆఖరి పిల్ల వెళ్ళిపోయాక అవ్వ చెయ్యి మెల్లగా నోటి వైపు లేచింది. అమ్మ అప్పటికే చెంబుతో పక్కన నిలబడి ఉంది. ఆ చెయ్యి పట్టుకుని, నీళ్ళు పోసి, వేళ్ళ సందులు కూడా రుద్ది కడిగింది, తన కొంగుతో తుడిచింది. అవ్వ ఏడ్చింది. "నగుతా ఉండత్తా," అంది అమ్మ. అప్పుడు నాకు భయం పట్టుకుంది. ఇది ఎక్కడ ఆగుతుందో అమ్మకు కూడా తెలియదని, అవ్వ ప్రాణం పోయేదాకా ఆగదేమోనని అనిపించింది. అవ్వంటే నాకు ప్రేమ లేదు. కానీ అమ్మ చేతుల్లో ఒక మనిషి పోతే, ఆ చేతులతో అమ్మ నాకు ఎలా అన్నం పెడుతుంది?

మండలం నిండిన రోజు అవ్వ తెల్లవారకముందే లేచింది. తనే నీళ్ళు కాచుకుని, సీకాయతో తలంటుకుని, పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. విస్తరాకు తనే కడిగి పరుచుకుని, దాని ముందు చిన్నపిల్లలా కూర్చుంది. అమ్మ వచ్చి ఆకులో ఎప్పటి సంగటి ముద్దే పెట్టింది.

"ఏందే ఇది?" అంది అవ్వ. "పథ్యం ఇడిసే దినం కదా ఈ పొద్దు?"

"ఈ పథ్యం ఇడిసేది కాదత్తా," అంది అమ్మ. "నిన్ను ఎత్తుకొని పొయ్యేటప్పుడే దీన్ని ఇడిసేది."

అవ్వ నా వంక చూసింది. నేను తల దించుకుని, "అవునవ్వా, బతికున్నన్నాళ్ళూ ఉండాలంట," అన్నాను. అది నేను ఊహించి చెప్పింది కాదు, ఆ మధ్య మాత్రలకు హోసూరు పోయినప్పుడు డాక్టరును అడిగి తెలుసుకున్నదే. అవ్వ ఆ సంగటిని ముట్టలేదు. తలంటుకున్న జుట్టు ఆరేదాకా ఆకు ముందే కూర్చుంది.

రెండు రోజులు గడిచాయి. ఆ తర్వాత ఆమెకు తన దారి తనకు దొరికింది. ఈ పథ్యానికి మొక్కు లేదు, అందుకే అంతు లేదు. శనివారం తానే ఒక్కపొద్దు ఉంటే స్వామి ఒంట్లో తీపిని తీసేస్తాడు. జీవితమంతా ఇంకొకరి చేత ఉపవాసాలు చేయించిన మనిషికి ఆ వయసులో దేవుడు గుర్తుకొచ్చాడు. శుక్రవారం సాయంత్రం ఆ మాట చెప్పింది.

నేను ఉలిక్కిపడ్డాను. "వద్దవ్వా. మాత్ర మింగి పస్తుండకూడదని డాక్టరు చెప్పినాడు కదా."

"మాత్ర మింగుతాలే. మాత్ర మందు, తిండి కాదు. దాంతో పొద్దు చెడదు," అంది అవ్వ.

నేను అమ్మ వైపు తిరిగాను. అమ్మ చేటలో గింజలు ఏరుతోంది. తల ఎత్తకుండానే, "మంచిదే అత్తా. దేవుని పనికి అడ్డం చెప్పగూడదు. మొగం మటుకు చెడనీయొద్దు," అంది.

మరునాడు పొద్దున అవ్వ మాత్ర మింగి, తులసి నీళ్ళు తాగి తిన్నె మీద కూర్చుంది. అమ్మకూ ఒక్కపొద్దే. పస్తు వద్దని ఇంకొకసారి చెప్పబోయాను. అమ్మ నా నెత్తిన ఎరువు గంప పెట్టి చేనికి పంపించింది. వానలకు ముందు దిబ్బ ఎరువు చేను చేర్చాలి, ఆ పని నాదే. గంప మోస్తున్నంతసేపూ నా ప్రాణం ఇంట్లోనే ఉంది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఇక ఉండలేక, నీళ్ళ నెపంతో ఇంటికి పరుగెత్తాను.

అవ్వ నడవలో గోడకు చేరగిలబడి ఉంది. చీర చెమటతో ఒంటికి అంటుకుపోయింది. రెండు చేతులూ ఆగకుండా వణుకుతున్నాయి. కళ్ళు ఎటో చూస్తున్నాయి. నాలుక తడబడుతోంది, అయినా ఒకే మాట వినిపిస్తోంది. బెల్లం, బెల్లం. ఆమె ఎదురుగా అమ్మ నిలబడి ఉంది. అమ్మ చేతిలో బెల్లం ముద్ద ఉంది.

అంటే అమ్మకు డాక్టరు మాట గుర్తుంది. గుర్తుంది కాబట్టే గది తాళం తీసి, బెల్లం తెచ్చుకుని నిలబడింది.

"పొద్దు చెడిపోతాది కదత్తా," అంటోంది.

"చెడనీ... పెట్టు..."

"చూడు మొగం ఎట్లుందో. ఒక్కపొద్దు ఉన్నోళ్ళ మొగమా ఇది? నగు. నగితే ఇస్తా."

"అమ్మా, ఇచ్చేయమ్మా! సచ్చిపోతాదమ్మా!" అని అరుస్తూ నేను ఆమె చేతి మీద పడ్డాను. అమ్మ మోచేత్తో నన్ను తోసింది. ఎప్పుడూ నా మీద చెయ్యి ఎత్తని మనిషి. నేను రోటి పక్కన పడి, లేచేసరికి అమ్మ అవ్వ ముందు గొంతుకూర్చుంది. గొంతు పెంచలేదు.

"ఆ శనివారం నేను ఈ గోడే పట్టుకొంటిని. నువ్వు తిన్నెమింద కూర్చొని చూస్తివి. రేపు కూడా ఉండమంటివి. ఉంటిని. నా కొడుకు ఉండింటే ఈ పొద్దు మందెనక పోతా ఉండేవాడు. నగత్తా."

అవ్వకు అర్థమయిందో లేదో నాకు తెలియదు. కానీ పెదాలు కదిలాయి. ఒక పక్క లేచి, జారి, మళ్ళీ లేచాయి. పళ్ళు లేని నోరు కొంచెం తెరుచుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతూ, గడ్డం వణుకుతూ, మా అవ్వ నవ్వింది. అమ్మ ఆ మొహాన్ని ఇటు నుంచి అటు దాకా చూసింది. తర్వాత బెల్లం చిదిమి, గొర్రెపిల్లకు మందు పోసినట్టు బుగ్గ పక్కకు లాగి, వేలితో లోపల పెట్టింది. కరిగిపోయాక ఇంకొంచెం పెట్టింది. నీళ్ళు తాగించింది. చేతులు ఎంత నెమ్మదిగా కదిలాయంటే, అప్పుడే లోపలికి వచ్చినవాళ్ళు ఎవరైనా చూస్తే ఇంత మంచి కోడలు ఎక్కడా లేదనుకునేవాళ్ళు.

చాలాసేపటికి వణుకు తగ్గింది. అవ్వ చూపు నిలబడింది. మొదట నన్ను చూసింది, తర్వాత అమ్మను చూసింది. అమ్మను చూడగానే పెదాలు మళ్ళీ పైకి లేచాయి. ఎవరూ అడక్కుండానే నవ్వింది.

అమ్మ చేతిలో ఇంకా సగం ముద్ద మిగిలింది. దాన్ని కాసేపు చూసుకుంది. మిట్టమధ్యాహ్నం, శనివారం, దీపం పెట్టే వేళకు ఇంకా ఎంతో ఉంది. అమ్మ ఆ బెల్లాన్ని తన నోట్లో వేసుకుంది. అవ్వ కళ్ళ ముందే, చప్పుడు చేస్తూ నమిలింది. మొహంలో నవ్వు లేదు. అన్ని ఏళ్ళ తర్వాత నేను మా అమ్మ అసలు మొహం చూశాను. అది చాలా అలిసిపోయిన మొహం, కోపంగా ఉన్న మొహం. నాకు ఏడుపొచ్చింది.

అవ్వ ఆ నోటి వంకే చూస్తూ, నవ్వు జారిపోకుండా పట్టుకుని, మెల్లగా చెయ్యి చాచి గది వైపు చూపించింది.

"తినమ్మా," అంది. "ఇంకొంచెం తిను తల్లీ. లోపల శానా ఉండాది."

అమ్మ నమలడం ఆపింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి అవ్వ నోట అమ్మ ఒక్కసారి కూడా వినని మాట అది. కడుపుతో ఉన్నప్పుడు రాలేదు, ఆ కడుపు పోయినప్పుడు రాలేదు. ఇప్పుడు వచ్చింది, ఎక్కడ మళ్ళీ చంపబోతుందోనన్న భయంతో వచ్చింది. ఆ సంగతి అమ్మకు నాకంటే బాగా తెలుసు. అయినా లేచి గదిలోకి పోయి, కుండలోంచి ఇంకో ముక్క తెచ్చుకుని, అత్త పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని తినింది.